ఆల్డర్ ఫాల్స్ బడిలో ఆవిరి గుర్రం

పందొమ్మిది వందల ఇరవై ఆరు, అక్టోబరు నెల రెండో సోమవారం పొద్దున సైమా కొర్పెలా ఆల్డర్ ఫాల్స్ స్టేషన్‌లో రైలు దిగింది. చంకలో నలభై రెండు ప్లాన్ల చుట్ట. సంచిలో లెక్కలు కట్టుకునే ఒక స్లైడ్ రూలు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, వాళ్లమ్మ కాల్చి ఇచ్చిన ఏలకుల రొట్టె. ఆ రొట్టెలో సగం డులూత్ దాటకముందే అయిపోయింది. సంతోషం పట్టలేనప్పుడు సైమాకు ఆకలెక్కువ.

సంతోషానికి కారణం కొండ మీద కనిపిస్తూనే ఉంది. ఎర్ర ఇటుకల మూడంతస్తుల భవనం, పొడుగాటి పొగగొట్టం. చెవిటి పిల్లల కోసం కొత్తగా కట్టిన బడి. అందులో గదుల్ని వెచ్చబరిచే నూట పద్దెనిమిది రేడియేటర్లు, వాటికి ఆవిరి మోసే గొట్టాలు. ఏ గొట్టం ఎన్ని అంగుళాలుండాలో ప్రతి ఒక్కటీ లెక్కకట్టింది సైమాయే. నిజానికి ఆ పని ఆమె యజమాని థాడియస్ ప్రింగిల్‌ది. ఫిబ్రవరిలో ఆ ముసలాయన తన ఇంటి మెట్ల మీదే మంచుకు జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచంలోంచే రెండు ప్లాన్లు తిరగేసి, "రెంటిలోనూ తప్పు దొరకలేదమ్మాయ్. మిగతా నలభై చూసి ఈ వయసులో నిరాశపడటం దేనికి?" అని అన్నింటి మీదా సంతకం పెట్టేశాడు.

అయిదు నెలలు సైమా ఆ భవనంతోనే కాపురం చేసింది. ఏ గదికి ఎన్ని కిటికీలు, ఏ గోడకు ఉత్తరపు గాలి కొడుతుంది, ఏ గదికి ఎంత వేడి కావాలి, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. గొట్టాల లెక్క ఎప్పుడూ చిట్టచివరి రేడియేటర్ దగ్గర మొదలవుతుంది. దానికి అంగుళం గొట్టం చాలు. వెనక్కి వస్తుంటే పక్క గది కలుస్తుంది, అంగుళంపావు అవుతుంది. ఇంకో గది కలుస్తుంది, రెండంగుళాలు. వాగులు కలిసి ఏరై, ఏర్లు కలిసి నదైనట్టు, బాయిలర్ దగ్గరికొచ్చేసరికి ఎనిమిదంగుళాల లావు గొట్టం. తేడా ఒక్కటే, ఈ నది లావుగా పుట్టి సన్నగా ముగుస్తుంది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా సైమాకు నవ్వొచ్చేది. ఎందుకో ఎవరికీ చెప్పలేకపోయేది.

బడి మెట్ల దగ్గర ఆమె కోసం ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు బడి పెద్ద, మిస్ కోరా ట్వీడీ. తల్లీ తండ్రీ ఇద్దరూ చెవిటివాళ్లు కావడంతో మాటకన్నా ముందు చేతి సైగలే నేర్చుకున్న మనిషి. నోటితో మాట్లాడుతున్నప్పుడు కూడా ఆమె చేతులు ఊరుకోవు. రెండోవాడు గొట్టాలు బిగించిన మేస్త్రీ బార్నీ మల్క్వీన్. ఎర్ర మీసాలు, పీపా లాంటి పొట్ట.

"వచ్చావా పెన్సిలమ్మా!" అన్నాడు మల్క్వీన్. "నిన్ను చూడాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నా. ఆ గొట్టాల్లో పంపించేది ఆవిరా, ఆంబోతులా? ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఇంత లావు గొట్టాలు ఏ బడికీ వెయ్యలేదు. మోసి మోసి నా మనుషులకు భుజాలు రెండంగుళాలు కిందికి జారాయి."

"ఆవిరి ఒక్కటే అయితే సన్నవి చాలు మల్క్వీన్ గారూ" అంది సైమా. "పైకెళ్లిన ఆవిరి చల్లారి నీళ్లై అదే గొట్టంలో కిందికి రావద్దూ? ఒకటి ఎక్కాలి, ఒకటి దిగాలి. మీరు మెట్లెక్కుతుంటే మీ అంత మనిషే ఎదురు దిగుతున్నాడనుకోండి. ఎంత వెడల్పు మెట్లు కావాలి?"

మల్క్వీన్ తన పొట్ట వంక చూసుకున్నాడు. ట్వీడీ వంక చూశాడు. ఆవిడ అప్పటికే ఆ మాటల్ని సైగల్లోకి మార్చేసింది, ఆ రెండో పొట్టతో సహా. వెనక కిటికీల్లోంచి చూస్తున్న పిల్లలు కిలకిలా నవ్వుతున్నారు.

"సరే సరే" అన్నాడు మల్క్వీన్. "పద, వెలిగిద్దాం."

మధ్యాహ్నానికల్లా బాయిలర్ అందుకుంది. నేలమాళిగలో గొట్టాలు వేడెక్కి సాగుతూ టిక్కుటిక్కుమన్నాయి. ఆవిరి ముందుకు వెళ్తుంటే, గొట్టాల్లో ఉన్న గాలి రేడియేటర్ల చివరి చిన్న రంధ్రాల్లోంచి సుయ్యిమంటూ బయటపడింది. బడిలో ఉన్న తొంభై మంది పిల్లలూ గదికి అయిదారుగురు చొప్పున రేడియేటర్లకు అతుక్కుపోయారు. పోయిన చలికాలమంతా పాత కొయ్య భవనంలో, గదికో పొయ్యి పెట్టుకుని, కోట్లు విప్పకుండా నిద్రపోయిన పిల్లలు వాళ్లు. పొయ్యి దగ్గరున్నవాళ్లు మాడేవారు, గోడ దగ్గరున్నవాళ్లు వణికేవారు.

వేడి ఒక్కసారిగా రాలేదు. రేడియేటర్‌లో మొదటి గొట్టం వెచ్చబడింది, తర్వాత రెండోది, మూడోది. పిల్లలు అరచేతులు ఆనించి, ఆ వేడి వెంటే చేతులు జరుపుకుంటూ వెళ్లారు. చివరిదాకా చేరగానే ఒక్కసారిగా చప్పట్లు. చెవిటి పిల్లల చప్పట్లంటే చేతులు గాల్లో అల్లల్లాడించడమే. గది నిండా చేతులు. సైమా గుమ్మంలో నిలబడి తనూ చేతులు ఆడించేసింది. స్లైడ్ రూలు చేతిలోనే ఉందన్న సంగతి మరిచిపోయింది. అది ఎగిరి నల్లబల్లకు తగిలి కింద పడింది.

సరిగ్గా అప్పుడే నేలమాళిగలోంచి, ధన్!

ఎవరో సమ్మెటతో భవనాన్ని కింద నుంచి కొట్టినట్టు. మళ్లీ ధన్! ధన్, ధన్, ధన్! కిటికీ అద్దాలు కొట్టుకున్నాయి. ట్వీడీ చెవులు మూసుకుంది. పైన నీళ్ల కొళాయి బిగిస్తున్న మల్క్వీన్ ఒక్కో దూకుకు రెండేసి మెట్లు దాటుకుంటూ దిగొచ్చాడు.

పిల్లలు మాత్రం కదలకుండా నిలబడ్డారు. కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత ఒకరి వెనక ఒకరు, ఎవరో చెప్పినట్టుగా, నేల మీద బోర్లా పడుకున్నారు. పొట్టలు, చెంపలు, అరచేతులు అన్నీ చెక్కకు ఆనించారు. ధన్ అన్నప్పుడల్లా గది మొత్తం నవ్వు. డిలిస్ అనే ఎనిమిదేళ్ల పిల్ల లేచి కూర్చుని, కణతకు బొటనవేలు ఆనించి రెండు వేళ్లు చెవిలా ఆడించింది.

"ఏమంటోంది?" అని అడిగింది సైమా.

"గుర్రం అంటోంది" అంది ట్వీడీ, చెవుల మీది చేతులు తియ్యకుండానే. "కింద గుర్రం ఉందట. తన్నుతోందట."

సైమా కిందికి పరుగెత్తి బాయిలర్ ఆర్పించింది. అదేమిటో ఆమెకు తెలుసు, మల్క్వీన్‌కూ తెలుసు. ఎక్కడో గొట్టంలో నీళ్లు నిలుస్తున్నాయి. వేగంగా వచ్చే ఆవిరి ఆ నీళ్లను ముద్దగా ఎత్తి ముందున్న వంపుకేసి కొడుతోంది. నాలుగు రోజులు అలా కొడితే అతుకులు ఊడిపోతాయి. రాష్ట్రం తరఫు తనిఖీ అధికారి బుధవారం పొద్దున పదింటికి వస్తున్నాడు. ఆయన ఒప్పుకోకపోతే పిల్లలు మళ్లీ పాత భవనానికి, ఆ పొయ్యిల దగ్గరికే.

"చెప్పానా?" అన్నాడు మల్క్వీన్. "లావు గొట్టాలు, పెద్ద తన్నులు."

సైమా ప్లాన్ల చుట్ట అందుకుంది. ఖాళీగా ఉన్న ఒక తరగతి గదిలోకి వెళ్లి, మోకాళ్లు గడ్డానికి తగిలే చిన్న కుర్చీలో కూర్చుని, నలభై రెండు ప్లాన్లూ పరిచి లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచీ కట్టింది. చివరి రేడియేటర్ నుంచి వెనక్కి, వాగు వాగూ ఏరు ఏరూ కలుపుకుంటూ. నాలుగయ్యేసరికి బాయిలర్ దాకా వచ్చింది. ఒక్క తప్పు లేదు. ఆ మాటకొస్తే, ఒకటైనా దొరికితే బాగుండునని కూడా అనిపించింది. దొరికితే దిద్దుకోవచ్చు.

మల్క్వీన్ తల లోపలికి పెట్టాడు. "ఏమంటున్నాయి అంకెలు?"

"మంచి మాటలే చెబుతున్నాయి."

"అంకెలంతే. వాటికేం, తన్నులు మనం తినాలి." గొంతు కాస్త తగ్గించాడు. "లే అమ్మాయ్. ఆ కుర్చీలోంచి నిన్ను లేపడానికి మళ్లీ నా మనుషుల్నే పిలవాల్సొస్తుంది. కిందికెళ్లి చూద్దాం."

చూడటానికి కింద ఏమీ కనిపించలేదు. ఆరు వందల అడుగుల గొట్టానికీ మందంగా తొడుగు చుట్టి, పైన తెల్ల గుడ్డ అతికించారు. కాళ్లు విరిగినవాళ్లు వరసగా పడుకున్నట్టు ఉన్నాయి గొట్టాలు. కాసేపు ఆవిరి వదిలి, మల్క్వీన్ పెద్ద పానా ఒక కొస గొట్టానికి, రెండో కొస చెవికి పెట్టుకుని విన్నాడు. ఇక్కడా ధన్, అక్కడా ధన్. ఇనుము కదా, ఎక్కడ కొట్టినా అంతటా మోగుతుంది. ప్రతిచోటా తొడుగు విప్పి చూడాలంటే వారం పడుతుంది.

"ఇక్కడే అనిపిస్తోంది" అన్నాడు ఒకచోట. పది అడుగులు వెళ్లి, "కాదు, ఇక్కడ" అన్నాడు. మూడోసారి అనబోయి నోరు మూసుకున్నాడు.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి దిగి వచ్చాడు. తోలు ఏప్రాను, గోళ్లలో సిరా. లూథర్ ఎంగ్‌స్ట్రమ్, పిల్లలకు అచ్చుపని నేర్పే మాస్టారు. అయిదేళ్ల వయసులో జ్వరం వచ్చి చెవులు పోయాయి. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసి, సైమాకు ఇచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు.

"మొదలయ్యేది కుట్టుపని గది కింద. నా కాళ్లు చెప్పాయి."

మల్క్వీన్ ఆమె భుజం మీదుగా చదివాడు. "ఓహో! చెవులున్న నాకే దొరకలేదు, ఈయన కాళ్లు మాట్లాడతాయట!"

ఎంగ్‌స్ట్రమ్ ఆయన పెదవులు చదివేశాడు. ఏ మాత్రం నొచ్చుకోకుండా పుస్తకం వెనక్కి తీసుకుని మళ్లీ రాశాడు.

"మాట్లాడతాయి. మీ గురించి కూడా చెప్పాయి. మీరు ఎడమకాలు ఈడుస్తారు. పొద్దున్నుంచీ నా గది పక్కగా పదకొండుసార్లు నడిచారు. ఏడోసారి ఏదో బరువు మోస్తున్నారు."

మల్క్వీన్ తన ఎడమకాలి వంక చూసుకున్నాడు. "ఏడోసారి... కొళాయి సంచి" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. "ఓరి దేవుడా!"

సైమాకు నవ్వాగలేదు. మధ్యాహ్నం నుంచీ పట్టుకున్న భయం ఆ నవ్వుతో బయటికి పోయింది. ఎంగ్‌స్ట్రమ్‌కు ఆ నవ్వు వినిపించదు కదా, కనిపించింది. చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ రాశాడు: "అచ్చు యంత్రంలో ఒక మర వదులైతే నాకు కాళ్లలోనే తెలుస్తుంది. కానీ నా ఒక్కడి మాట నమ్మొద్దు. పైన నూట ఎనభై కాళ్లున్నాయి."

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి మొదటి అంతస్తు వసారా పొడుగునా, తరగతి గదుల్లోనూ పిల్లలు బూట్లు, మేజోళ్లు విప్పి వరసగా నిలబడ్డారు. నేలమాళిగలో గొట్టం ఎలా వెళ్తుందో, పైన పిల్లల వరస సరిగ్గా అలాగే. ఎవరెక్కడ నిలబడాలో సైమా సుద్దముక్కతో నేల మీద గీసింది. ట్వీడీ బల్ల మీదెక్కి షరతులు చెప్పింది. తన్ను కొంచెం తెలిస్తే ఒక చెయ్యి ఎత్తాలి. గట్టిగా తెలిస్తే రెండు చేతులు. కాళ్లు అదిరిపోతే గెంతాలి.

మల్క్వీన్ ఆవిరి వదిలాడు. అందరూ నేల వంక చూస్తూ ఊపిరి బిగబట్టారు.

ధన్!

తొంభై మందీ గెంతారు.

"ఇదేం కుదరదు!" అని ట్వీడీ నోటితో అరిచి, చేతులతో అంతకన్నా గట్టిగా అరిచింది. "గెంతాలని ఉంది కాబట్టి గెంతకూడదు! డిలిస్, నువ్వు తన్ను రాకముందే గెంతావు, నేను చూశాను!"

డిలిస్ తన కాళ్లకు తొందరెక్కువ అని సైగ చేసింది.

రెండోసారి సగం మందే గెంతారు. మూడోసారికి ఆట తగ్గి పట్టుదల మొదలైంది. పిల్లలు కళ్లు మూసుకున్నారు, కాలివేళ్లు నేలకు అదిమారు. నాలుగో తన్నుకు బాయిలర్ వైపున్న చివర్లో ఒక్కో చెయ్యి లేచింది. వసారా మధ్యలో రెండేసి చేతులు. కుట్టుపని గది గుమ్మం దగ్గర నిలబడ్డ ముగ్గురు ఆడపిల్లలు కళ్లు తెరవకుండానే ఒక్కసారే ఎగిరారు. అచ్చు మాస్టారి గది వైపు చివర మళ్లీ ఒక్కో చెయ్యి.

అయిదోసారీ అంతే. ఆరోసారీ అంతే. బల్ల మీద ట్వీడీ పక్కన నిలబడి చూస్తున్న సైమాకు తన ప్లాన్ లేచి నిలబడినట్టు, గొట్టం తొడుగు విప్పుకుని తనకు తానే కనిపించినట్టు అనిపించింది. బల్ల దిగే తొందరలో ట్వీడీని వాటేసుకుంది. ఇద్దరూ కలిసి కింద పడేవారే, ఎంగ్‌స్ట్రమ్ వచ్చి పట్టుకున్నాడు. ఆయనకు సైమా చెయ్యి అందింది. పని అయిపోయాక కూడా కొద్దిసేపు ఆ చెయ్యి అక్కడే ఉంది.

కుట్టుపని గది కింద మల్క్వీన్ కత్తితో తెల్లగుడ్డ చీల్చి తొడుగు ఊడదీశాడు. దీపం దగ్గరగా పట్టుకున్నారు. నాలుగంగుళాల గొట్టం మూడంగుళాలకు తగ్గేచోట ఉండే ఇనుప ముక్క కనిపించింది. అలాంటి ముక్కలు రెండు రకాలు. ఒకటి అన్ని వైపుల నుంచీ సమానంగా సన్నబడుతుంది. రెండోది పైనుంచి మాత్రమే సన్నబడి, అడుగు చదునుగా ఉంటుంది, నీళ్లు ఆగకుండా జారిపోవడానికి. ఆ గొట్టానికి ఉండాల్సింది రెండోది. అక్కడ ఉన్నది మొదటిది. దాని వెనక అడుగున అర అంగుళం గట్టు, గట్టు వెనక నీళ్ల మడుగు. గుర్రం కాపురం అక్కడే.

"నా తప్పు" అన్నాడు మల్క్వీన్. టోపీ తీశాడు. "ఎనిమిది చదును ముక్కలు కావాలి, ఏడే వచ్చాయి. ఒక్కదాని కోసం పని ఆపడం ఎందుకులే, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. నేనే బిగించా, ఈ చేతుల్తో. నిన్న నిన్ను ఆ చిన్న కుర్చీలో కూర్చోబెట్టి లెక్కలు కట్టించా చూడు, అది మాత్రం నన్ను నేను క్షమించుకోను."

సైమా అప్పటికే ప్లాన్ విప్పి దీపం కింద పెట్టి వెతుకుతోంది. "ఆగండి ఆగండి. ఎనిమిది చోట్ల 'అడుగు చదును' అని రాయాలి. ఇక్కడ రాశాను, ఇక్కడ రాశాను, ఇదుగో ఏడు... ఈ ఎనిమిదోచోట రాయలేదు! చూశారా! మీకు ఏడే పంపించారంటే నేను ఏడే అడిగాను కాబట్టి! తప్పు నాది!"

"నీదెలా అవుతుంది? రాయకపోయినా తెలియాల్సినవాణ్ణి నేను. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు నాది."

"గీసింది నేను!"

"బిగించింది నేను! చిన్నపిల్లవి, నా తప్పు లాక్కుంటావేం?"

"మీరు నా తప్పు లాక్కుంటున్నారు!"

మెట్ల మీద నిలబడ్డ ట్వీడీ ఈ గొడవంతా ఎంగ్‌స్ట్రమ్‌కు సైగల్లో చెబుతోంది. ఆయన పుస్తకంలో రాసి ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు. "సగం సగం పంచుకోండి. ఇంతకీ బాగయ్యేదెలా?"

కొత్త ముక్క డులూత్ నుంచి రావాలంటే గురువారం అవుతుంది. సైమా గట్టు వెనక వేలు పెట్టి చూసింది. గొట్టం అడుగున రంధ్రం చేసి, అక్కడినుంచి సన్నటి గొట్టం ఒకటి దింపి, నీళ్లు బాయిలర్‌కు తిరిగెళ్లే గొట్టంలో కలిపేస్తే సరి. నిలబడదామన్నా నీళ్లకు చోటుండదు.

"ముప్పావు అంగుళం చాలు" అంది, మనసులో లెక్క కట్టుకుని.

"అంగుళం వేద్దాం" అన్నాడు మల్క్వీన్.

సైమా ఆయన మొహం వంక చూసింది. ఆయన మీసం దువ్వుకున్నాడు. "ఏం? నాకిప్పుడు లావు గొట్టాలంటే ఇష్టం."

అంగుళమే వేశారు. మధ్యాహ్నం మూడింటికి పని పూర్తయింది, మళ్లీ బాయిలర్ వెలిగించారు. టిక్కుటిక్కు, సుయ్యి, అంతే. సైమా, ట్వీడీ, మల్క్వీన్ వసారాలో నిలబడి చెవులు రిక్కించారు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. భవనమంతా వెచ్చగా, నిశ్శబ్దంగా, పాలు తాగి పడుకున్న పిల్లిలా ఉంది. మల్క్వీన్ సైమా చెయ్యి పట్టుకుని, ఈడ్చే కాలుతోనే ఒక చుట్టు తిప్పి నాట్యం చేశాడు.

పిల్లలు మాత్రం నాట్యం చెయ్యలేదు. వసారా పొడుగునా వట్టి కాళ్లతో నిలబడి, నేల వంక చూస్తూ ఎదురుచూస్తున్నారు. చివరికి డిలిస్ వచ్చి సైమా గౌను పట్టి లాగింది. కణత దగ్గర రెండు వేళ్లు ఆడించి, రెండు చేతులూ తిప్పి చూపించింది.

"గుర్రమేదీ అంటోంది" అంది ట్వీడీ. "చంపేశారా అని అడుగుతోంది."

సైమా తల ఎత్తి చూసింది. తొంభై జతల కళ్లు ఆమె మీదే ఉన్నాయి. అప్పుడు ఎంగ్‌స్ట్రమ్ మోకాళ్ల మీద కూర్చుని, పిల్లలందరికీ కనిపించేలా పెద్దపెద్ద సైగలతో ఏదో చెప్పాడు. పిల్లల మొహాలు ఒక్కొక్కటే వెలిగాయి.

"ఏం చెప్పారు?" అని అడిగింది సైమా.

"గుర్రానికి కుట్టుపని గది కింద ఇరుగ్గా ఉందట, అందుకే తన్నిందట" అంది ట్వీడీ. "మీరు దానికి అంగుళం వెడల్పు తలుపు తెరిచారట. అందులోంచి అడవిలోకి పారిపోయిందట. అంగుళం తలుపులోంచి గుర్రం ఎలా పట్టిందో అడగొద్దు, పిల్లలు అడగలేదు."

బుధవారం పదింటికి తనిఖీ అధికారి ఎల్మర్ స్ట్రౌట్ వచ్చాడు. తోలుకోటు, మెడకు ఉన్ని పటకా, చేతికి తొడుగులు, ముక్కు మీద అనుమానం. గుమ్మంలో నిలబడి తల వంచి విన్నాడు.

"వెలిగించలేదా?"

"వెలిగించాం" అంది సైమా.

"ఏమీ వినిపించడం లేదే. నేను చూసిన ప్రతి ఆవిరి భవనమూ దడదడలాడింది. ఇది చచ్చినట్టు పడి ఉంది."

"చూడండి మరి" అన్నాడు మల్క్వీన్, చాలా మర్యాదగా.

ఆయన చూశాడు. మొదటి గదిలో పటకా తీశాడు. మూడో గదిలో చేతి తొడుగులు తీశాడు. రెండో అంతస్తు ఎక్కగానే తోలుకోటు విప్పి, పెట్టడానికి చోటు లేక చేతిలో పట్టుకున్నాడు. పక్కనే ఉన్న ఒక పిల్ల దాన్ని అందుకుంది. టోపీని ఇంకొకరు అందుకున్నారు. మూడో అంతస్తుకు వచ్చేసరికి ఆయన వెనక ఊరేగింపు తయారైంది. ముందు కోటు, దాని వెనక టోపీ, తొడుగులు, పటకా, ఆ వెనక లోపలి కోటు. ఒక్కో వస్తువుకూ ఇద్దరేసి పిల్లలు, పెళ్లివారి సామాను మోస్తున్నంత గంభీరంగా. సైమా పెదవి కొరుక్కుని ఎటో చూసింది. ఎటు చూసినా ఎంగ్‌స్ట్రమ్ కనిపించాడు. ఆయనా పెదవి కొరుక్కుంటున్నాడు.

చిట్టచివరి గది ఉత్తరం మూల. మూడు కిటికీలు, రెండు బయటి గోడలు. సైమా లెక్కలు మొదలుపెట్టింది ఈ గది దగ్గరే. అయిదు నెలలు కలలోకి వచ్చింది కూడా ఈ గదే. స్ట్రౌట్ రేడియేటర్ మీద ఒక కొసన చెయ్యి పెట్టి, రెండో కొసన చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి తీశాడు. నుదురు తుడుచుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఎవరు కట్టారీ లెక్కలు?"

"ఈ అమ్మాయే" అన్నాడు మల్క్వీన్, సైమా నోరు తెరవకముందే. "నలభై రెండు ప్లాన్లు. ఒక్కచోట చిన్న మాట రాయడం మరిచిపోయింది, అదీ నావల్లే."

"మీవల్ల ఎలా అవుతుంది?" అంది సైమా.

"మళ్లీ మొదలుపెట్టకండి" అంది ట్వీడీ.

స్ట్రౌట్ అక్కడే, ఒక పిల్లవాడి వీపును బల్లగా చేసుకుని, కాగితం మీద సంతకం పెట్టేశాడు. కోటు వేసుకోకుండానే మెట్లు దిగి వెళ్లాడు.

సైమా రైలు రెండింటికి. స్టేషన్‌కు వెళ్లే ముందు ప్రింగిల్‌కు పంపమని ట్వీడీకి తంతి కాగితం రాసిచ్చింది: "ఒప్పుకున్నారు. అన్ని గదులూ వెచ్చన. ఒక గుర్రం తప్పించుకుంది. మిగతాది వచ్చి చెబుతాను." తుంటి విరిగిన మనిషికి ఇలాంటి తంతి పంపొచ్చా అని ట్వీడీ అడిగింది. పంపాల్సిందే అంది సైమా.

సంచి పట్టుకుని మెట్లు దిగబోతుంటే పిల్లలు దారికి అడ్డం నిలబడ్డారు. డిలిస్ ముందుకొచ్చింది. వాళ్లు పొద్దున్నుంచీ ఒక విషయం మీద పోట్లాడుకుని, చివరికి ఓట్లు వేసి తేల్చుకున్నారట.

"మీకు పేరు పెట్టారు" అంది ట్వీడీ. "మాకు వేళ్లతో అక్షరాలు చూపించి పేరు చెప్పడం వేరు, సైగతో పేరుండటం వేరు. సైగ పేరు మనంతట మనం పెట్టుకోకూడదు. చెవిటివాళ్లే ఇవ్వాలి. నాకు మా అమ్మ పెట్టింది."

డిలిస్ కుడి చెయ్యి పిడికిలి బిగించింది. వాళ్ల వేళ్ల అక్షరాల్లో సైమా పేరు మొదటి అక్షరం అదే. ఆ పిడికిలిని నెమ్మదిగా పైకి లేపుతూ, వేళ్లు ఒక్కొక్కటిగా విప్పి, గాల్లోకి అల్లల్లాడించింది. పిడికిలి కాస్తా ఆవిరైపోయింది.

సైమా సంచి కింద పెట్టింది. తనూ చేసింది. మొదటిసారి వేళ్లు తొందరపడ్డాయి. పిల్లలు తల అడ్డంగా ఊపారు. రెండోసారి మోచెయ్యి బిగుసుకుంది. ఎంగ్‌స్ట్రమ్ వచ్చి, మణికట్టు కింద రెండు వేళ్లు ఆనించి, ఎంత నెమ్మదిగా లేపాలో చూపించాడు. మూడోసారి సరిగ్గా వచ్చింది. మెట్ల నిండా తొంభై పిడికిళ్లు లేచి ఆవిరయ్యాయి.

"మరి నాకో?" అన్నాడు మల్క్వీన్.

పిల్లలు ఆయనకు కూడా ఒకటి ఆలోచించి పెట్టారు. రెండు చేతులతో ముందు పెద్ద పొట్ట చూపించి, దాని మీద చిన్న కొళాయి తిప్పారు. ఆయన అభ్యంతరం చెబుతాడేమోనని ట్వీడీ భయపడింది. మల్క్వీన్ అదే సైగ రెండుసార్లు చేసి చూసుకుని, మూడోసారి కొళాయి తిప్పుతూ నోటితో సుయ్యిమన్నాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

తర్వాత ఎంగ్‌స్ట్రమ్ తన సైగ పేరు చూపించాడు, ట్వీడీ తనది చూపించింది. తొంభై మంది పిల్లలూ తమ తమ పేర్లు సైమాకు నేర్పాలని వరస కట్టారు. ఇరవై ఏడో పేరు దగ్గర ఉండగా కొండ కింద రెండింటి రైలు వెళ్లిపోతూ కూత పెట్టింది. సైమాకు వినిపించింది. మల్క్వీన్‌కూ వినిపించింది. ఆయన ఆమె మొహం చూసి, సంచి తీసుకెళ్లి గోడ పక్కన పెట్టాడు. ఎంగ్‌స్ట్రమ్ కాళ్లకు ఆ కూత తెలిసిందో లేదో కానీ, జేబులోంచి పుస్తకం తీసి రాశాడు: "ఇంకో రైలు అయిదున్నరకు. ఇంకా అరవై మూడు పేర్లున్నాయి."

సైమా పెన్సిలు తీసుకుని దాని కింద రాసింది: "చాలా తక్కువ. అన్నీ రెండేసిసార్లు నేర్చుకుంటాను."

ఇరవై ఎనిమిదో పిల్ల ముందుకొచ్చి, తన పేరు చూపించడానికి చెయ్యెత్తింది.